కథను కొత్త కంప్యూటర్‌లోకి మార్చిన వారం

జూన్ 9, సోమవారం

పాత కంప్యూటర్ ఆన్ చేస్తే మిక్సీలో రాళ్ళు వేసినట్టు మోత. ఈయన శనివారం దాన్ని షాపులో ఇచ్చేస్తారట. అమ్మాయి వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఇకనుంచి నాది. మార్చాల్సినవి: ఫోటోలు, కరెంటు బిల్లులు, నా కథ. మొదటి రెండూ పోయినా బతుకుతాం.

నాది మామూలు కథ కాదు. ప్రతి పేజీ చివరా రెండు మూడు దారులుంటాయి. చదివేవాళ్ళు ఏది నొక్కితే కథ అటు వెళ్తుంది. ఇస్త్రీ బట్టలు తేవడానికి బయల్దేరిన ఇల్లాలు, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కాలా వద్దా అన్నది మొదటి పేజీ. ఏడాదిన్నరగా రాస్తున్నాను. చదివేది ఒక్కరే, మా అత్తగారు. రోజూ మధ్యాహ్నం తలుపు దగ్గరికేసుకుని మరీ చదువుతారు. ఎందాకా వచ్చారత్తయ్యా అని అడిగితే, నీకెందుకు, రాశావుగా, నీ పని అయిపోయింది అంటారు.

జూన్ 10

ఈయనే కథ కాపీ చేసి పెట్టారు. రెండు నిమిషాల పనికి ఇంత హడావుడా అన్నారు.

జూన్ 12, గురువారం

ల్యాప్‌టాప్‌లో కథ తెరుచుకోలేదు. ఈయన తెచ్చింది కథ తెరవడానికి డెస్క్‌టాప్ మీద నొక్కే బొమ్మ ఒక్కటే. తాళంచెవి జేబులో వేసుకొచ్చి ఇల్లు తెచ్చానన్నట్టుంది. ఆ మాట పైకే అన్నాను. ఈయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అమ్మాయికి ఫోన్ చేశాను. అమ్మా, అది బ్రౌజర్‌లో ఉంటుందే, ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలుగా దించుకోవాలి, నాన్నని మాత్రం ముట్టుకోనివ్వకు అంది. పాత కంప్యూటర్ మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. ఎక్కడ కన్ను మూస్తుందో అని కదలకుండా కూర్చున్నాను. మూడోసారి దిగింది. ల్యాప్‌టాప్‌లో ఎక్కించి పేజీలు లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది.

జూన్ 14, శనివారం

పాత కంప్యూటర్ వెళ్ళిపోయింది. బల్ల తుడిచాను.

జూన్ 15

మధ్యాహ్నం అత్తగారు కేకేశారు. తెర మీద కథ మొదటి పేజీ. నేనున్న చోటేదీ అన్నారు.

అమ్మాయిని అడిగితే తెలిసింది. కథ వచ్చింది గానీ, చదివేవాళ్ళు ఎందాకా వచ్చారన్న గుర్తు పాత బ్రౌజర్‌లోనే ఉండిపోయిందట. ఎక్కడున్నారో చెప్పండి, అక్కడే దింపుతాను అన్నాను. చెప్పలేదు. ఇంట్లో చెత్తంతా సర్దుకొచ్చావు, నన్నొక్కదాన్నీ వదిలేసొచ్చావు అన్నారు. ఈయన కలగజేసుకుని, మళ్ళీ చదువుకోరాదుటే అమ్మా, పోయిందేముంది అన్నారు. నీకేం పోలేదులే అన్నారావిడ.

కాఫీ ముట్టుకోలేదు.

జూన్ 16

కాఫీ తాగారు. నాతో మాట్లాడలేదు.

జూన్ 17, మంగళవారం

అత్తగారే పిలిచారు. ల్యాప్‌టాప్‌కి మౌస్ లేదు, ఆ నున్నటి పలక మీద ఆవిడ వేలు నిలవదు. నేను చెప్తా, నువ్వు నొక్కు, నోరు మాత్రం ఎత్తకు అన్నారు.

బస్సెక్కమన్నారు. ఇంటికి ఫోన్ చెయ్యాలా అంటే, ఎందుకూ, వండిపెట్టే వచ్చిందిగా అన్నారు. పక్కసీటావిడ ఎవరమ్మా నువ్వు అని ఆరా తీస్తే అబద్ధం చెప్పించారు. భర్త వెతుక్కుంటూ వచ్చే పేజీ నేను ఎంతో శ్రద్ధగా రాసింది. దాటెయ్, కాళ్ళున్నాయిగా, వెతకనీ అన్నారు. వెనక్కి తిరిగే దారి ప్రతి పేజీలోనూ పెట్టాను. ఒక్కసారి కూడా నొక్కనివ్వలేదు.

చివరికి ఆఖరి స్టాపులో దిగమన్నారు. నొక్కాను. తెర తెల్లగా వచ్చింది.

ఆ పేజీకి పేరు పెట్టి వదిలేశాను. అందాకా ఎవరూ వెళ్ళరనుకున్నాను. లెక్కలో మాత్రం అదీ ఒక పేజీయే. తల కొట్టేసినట్టయింది. ఇది నేను రాయనేలేదత్తయ్యా అన్నాను. తెలుసు, ఎండలు మొదలైనప్పటినుంచీ ఇక్కడే ఉన్నానుగా అన్నారు. మరి రోజూ గంటసేపు ఏం చదువుతున్నారు అని అడిగాను.

తలుపేసి వెళ్ళమన్నారు.

జూన్ 18

ఆఖరి స్టాపు రాద్దామని కూర్చున్నాను. అత్తగారు వెనక నుంచి వచ్చి, అందులో నువ్వేమీ పెట్టకు, నాకు ఇరుకవుతుంది అన్నారు.

ఖాళీ పేజీని పెన్‌డ్రైవ్‌లో కూడా దాచాను.