మడ అడవిలో రాలిన ఆకుల విషయమై

పీతల పరిశోధకులైన బావగారికి,

కుశలప్రశ్నలు ముగిసిన పిమ్మటే ఆఫీసు సంగతి రాయుట పద్ధతి. కుశలమే కదా? ముగిసినవి.

పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని మడ అడవిలో రాలిన ఆకులన్నీ ఊడ్పించాను. పీతలు మాయమయ్యాయి, మొక్కలు పసుపెక్కాయి. పీతలు ఆకును తుంచి నమిలితే, మిగిలినదాన్ని బ్యాక్టీరియా కుళ్లబెట్టి ఎరువు చేస్తుందని మీరు ఇప్పుడా చెప్పడం? మొక్క చచ్చినా నా ఉద్యోగం పోతుంది, నేల మీద ఆకు కనబడినా పోతుంది.

మళ్లీ పరవమంటే ఊడ్చే ఆవిడ, "తియ్యమన్నదీ మీరే, వెయ్యమన్నదీ మీరే! ముందు ఒక మాట మీద నిలబడండి సారూ" అంది.

ఏమీ పాలుపోక ఉత్తర్వు జారీ చేశాను: ఇకపై ప్రతి ఆకూ నేరుగా పీత బొరియలోనే రాలవలెను. దీనిపై ఆకులకు గానీ, పీతలకు గానీ అప్పీలు లేదు.

మీ బావమరిది