ఖంగుమనని రాళ్లు

జూలై 3

మెషీన్ మీదున్న వీల్, అదే ఇనుమును అరగదీసే గుండ్రటి రాయి, అరిగిపోవచ్చింది. ఇంకొన్నాళ్లు లాగుతుందేమో, అంతే. కొత్త లాట్ వచ్చిందని స్టోర్స్ ఆయన కబురు చేస్తే వెళ్లి ఒకటి తెచ్చుకున్నాను. తెల్ల రాయి, మా సర్ఫేస్ గ్రైండర్‌కి ఎప్పుడూ వేసేదే. మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్కపిడితో నాలుగు పక్కలా తట్టాను. మంచి రాయి ఖంగుమంటుంది. ఇది దబ్బుమంది. అంటే లోపలెక్కడో పగులుంది, కంటికి కనపడదు. అలాంటిది బిగించి స్విచ్ వేస్తే ఆ వేగానికి ముక్కలై మొహం మీదికి వస్తుంది.

నాకంటే ముందు ఈ మెషీన్ నడిపిన నాన్న పెట్టిన రూల్ ఒకటుంది. మోగని రాయిని ఆ పూటే పగలగొట్టాలి. పక్కన పెడితే ఎవడో ఒకడు తెలియక తగిలించేస్తాడు. వెనక షెడ్డులోకి తీసుకెళ్లి సుత్తితో నాలుగు దెబ్బలేశాను. చేతులు దులుపుకుని వచ్చి టీ తాగాను.

జూలై 5

రెండోదీ అంతే. దాన్నీ పగలగొట్టాను.

జూలై 6, పొద్దున్నే

పడుకుని ఆలోచిస్తే తట్టింది. వానలు. స్టోర్స్ గోడంతా చెమ్మ. తడి పీల్చిన రాయి పగులు లేకపోయినా మోగదు. ఇంత చిన్న సంగతి ఎలా మర్చిపోయాను? ఇంకో రాయి తెచ్చి కంప్రెసర్ పక్కన, వెచ్చగా ఉండేచోట, గోనెసంచి మీద పడుకోబెట్టాను.

రేడియో చూసి, ఏం చెల్లెమ్మా, రాళ్లు పొదిగిస్తున్నావా, పిల్లలెప్పుడొస్తాయి అన్నాడు. రేడియో అంటే మా లేత్ ఆపరేటర్. పొద్దున స్విచ్ వేసింది మొదలు సాయంత్రం దాకా నోరు ఆగదు. లేత్ ఆగినా ఆయన ఆగడు. ఇద్దరం ఒకే ఏడు నాన్న చేతికింద చేరాం. గ్రైండర్ ఆయనకి కావాలని ఉండేది. నాన్న నాకిచ్చాడు. కూతురివి కాబట్టి ఇచ్చాడని ఆయన, చెవి ఉంది కాబట్టి ఇచ్చాడని నేను, ఇన్నేళ్లుగా ఇదే పాట. ఈ పోట్లాట లేకపోతే మా ఇద్దరికీ టీ దిగదు.

జూలై 9

ఎండిన రాయి కూడా దబ్బుమంది. పగలగొట్టాను. స్టోర్స్ ఆయన మండిపడ్డాడు. అమ్మా, రాళ్లేమన్నా చెట్లకి కాస్తున్నాయా అన్నాడు. ఫోర్‌మన్ మాత్రం నా పక్షమే. ఆవిడ చెవి తప్పు చెప్పదు, లాట్ మొత్తం చెత్తదై ఉంటుంది, సప్లయర్‌కి మెయిల్ పెడతానన్నాడు. నేను తలూపాను. కొంచెం గర్వంగా కూడా ఊపాను.

జూలై 10

కరెంటు కోత, పనికి సెలవు. ఇల్లు సర్దుతూ కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న చొక్కాకి, రాయి వేడెక్కకుండా పోసే కూలెంట్ వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. అమ్మ విసుక్కునేది కానీ ఆయన ఊరెళ్తే ఆ చొక్కానే మడతపెట్టి తలకింద పెట్టుకునేది. రాయికీ, దాన్ని బిగించి పట్టే ఇనప ఫ్లాంజ్‌కీ మధ్య గుండ్రటి అట్టబిళ్లలు వేస్తారు, రాయి నలగకుండా. వాడేసినవి నాన్న జేబులో పెట్టుకుని తెచ్చేవాడు. ఎర్రవి, నీలివి, మీద ఏవో అంకెలు. అవి అక్కకీ నాకూ బొమ్మల కంచాలు. ఎర్ర కంచం నాదంటే నాదని జుట్లు పట్టుకునేవాళ్లం. అరిగిపోయిన రాయి ముక్క స్నానాలగదిలో ఉండేది, అమ్మ మడమలు రుద్దుకోవడానికి. వీధిలో ఏ ఆడమనిషి మడమలూ అంత నున్నగా ఉండేవి కావు.

క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే రాయికి డ్రెస్సింగ్ చేయడం చూడనిచ్చేవాడు. కొత్త రాయి బిగించి, గార్డ్ మూసి, నన్ను పక్కకి లాగి, కాసేపు ఖాళీగా తిప్పేవాడు. వీల్‌కి ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు, మేనేజర్‌నైనా సరే. తర్వాత డైమండ్ ముక్కతో రాయి మొహం చదును చేసేవాడు. తెల్లటి పొడి లేచేది. సన్నటి సుయ్‌మనే మోత, అందులోంచి సాగుతూ వచ్చే ఇంకో సన్నటి మోత. అది నాకెంత ఇష్టమో చెప్పలేను. ఈ మధ్య ఆ రెండో మోత వినలేదని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. మెషీన్ పాతదైపోయింది.

జూలై 12

షెడ్డు ఊడుస్తూ ముక్కలు చూశాను. ఊరికే చూశాను. తర్వాత కింద కూర్చుని ఒక్కొక్కటే తీసి వెలుతురులో పెట్టి చూశాను.

రాయికి ముందే పగులుంటే, పగలగొట్టాక ఆ చోట దుమ్ము పట్టిన గీత కనపడుతుంది, నల్లగానో పచ్చగానో. పాత పగులు దాగదు. వీటిలో గీత లేదు. ఏ ముక్క తిప్పినా తెల్లగా, అప్పుడే విరిచిన పటికబెల్లంలా ఉంది. అన్నిటికీ అంతే. అన్నీ మంచి రాళ్లే. మంచి రాళ్లని పట్టుకుని సుత్తితో కొట్టాను.

ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో వేసి మూతి కట్టేశాను.

జూలై 12, సాయంత్రం

ఫోన్ మోగుతోందని మా ఆయన పక్కగదిలోంచి వచ్చి చెప్పాడు. ఫోన్ నా ఒళ్లోనే ఉంది.

జూలై 14

చెవుల డాక్టర్. గాజుగదిలో కూర్చోబెట్టి తలకి హెడ్‌ఫోన్ తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బుద్ధిగా బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కే పని పెద్దగా పడలేదు.

మాటలు వినపడతాయి, సన్నటి మోతలు పోయాయి, పోయినవి రావు అన్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. అదే మరి అన్నాడు. చెవిలో పెట్టుకునే మెషీన్ మాటలకి సాయం చేస్తుందట. రాయి మోత వినపడుతుందా అని అడిగాను. ఏ రాయి అన్నాడు. చెప్పడం మొదలుపెట్టి, ఆపేశాను.

చెవులు బాగానే ఉన్నాయట అని ఇంట్లో చెప్పాను. మా ఆయన నమ్మలేదు. పోనీ అని ఊరుకున్నాడు.

జూలై 15

ఉన్న రాయి ఫ్లాంజ్ దాకా అరిగిపోయింది. ఇవాళ మార్చక తప్పదు. లాట్ మంచిదేనని సప్లయర్ జవాబిచ్చాడని ఫోర్‌మన్ చెప్పి, నీకు నచ్చింది ఒకటి చూసి వేసుకోమ్మా అన్నాడు.

అబద్ధం ఎందుకు, అదీ నా డైరీకి? ఇలా అనుకున్నాను. అన్నీ మంచి రాళ్లే అని తేలింది కదా. నిజంగా మోగని రాయి ఏ పదేళ్లకో ఒకటి వస్తుంది. తట్టినట్టు తట్టి, విన్నట్టు విని బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది? చెప్తే మెషీన్ పోతుంది. ఈ వయసులో నన్ను ప్యాకింగ్‌లో కూర్చోబెడతారు, అట్టపెట్టెలకి టేపు అంటించుకుంటూ. నాన్న మెషీన్ మీద ఇంకొకరు నిలబడతారు.

తట్టాను. దబ్బుమంది. మొహం మీద ఏమీ కనపడనివ్వలేదు. ఫ్లాంజ్ తుడిచాను, అట్టబిళ్ల వేశాను, రాయి ఎక్కించాను, నట్ బిగించాను, గార్డ్ మూశాను. పక్కకి తప్పుకుని పచ్చ బటన్ మీద వేలు పెట్టాను. అప్పుడు తలెత్తి చూశాను. వీల్‌కి సరిగ్గా ఎదురుగా, నాలుగడుగుల అవతల, రేడియో వీపు. లేత్ మీదకి వంగి ఎవరితోనో ఏదో చెప్తున్నాడు, నవ్విస్తున్నాడు.

నొక్కలేదు. అంతా విప్పేశాను. తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాను.

జూలై 16

సెలవు పెట్టాను. రోజంతా నాన్నే.

ఆయన చివరి ఏళ్లలో నేను పక్కనే ఉండేదాన్ని. రాయి మార్చాల్సి వచ్చినప్పుడల్లా తను వేలికి తగిలించుకుని నన్ను తట్టమనేవాడు. ఎలా ఉంది అని అడిగేవాడు. మోగింది నాన్నా అనేదాన్ని. ఖాయమా అనేవాడు. అప్పుడు రాయి వంక చూసేవాడు కాదు, నా మొహం వంక చూసేవాడు. పరీక్ష పెడుతున్నాడనుకునేదాన్ని. ప్రతిసారీ పాసయ్యానని పొంగిపోయేదాన్ని. ఇంట్లోనేమో అమ్మ పిలిస్తే పలికేవాడు కాదు. ఈ మనిషికి కావలసిందే వినపడుతుంది అని అమ్మ సాధించేది. మేమంతా నవ్వేవాళ్లం.

ఆయన నన్ను పరీక్షించలేదు. అడిగాడు. ఆయనకి వినపడక అడిగాడు.

నాకు చెవి ఉంది కాబట్టి మెషీన్ ఇచ్చాడని ఇన్నేళ్లూ గొప్పలు పోయాను. తనకి లేదు కాబట్టి ఇచ్చాడు. కోపం రావాలేమో, రాలేదు. ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది నాన్నా అని ఏడుపొచ్చింది. అయినా నన్ను అడగకుండా ఒక్క రాయి కూడా బిగించలేదు ఆయన. నేను నిన్న బటన్ దాకా వెళ్లాను.

రేడియో చెవి కూడా మంచిదే. మరి నాన్న ఆయన్నెందుకు అడగలేదంటే, తెలిసిందే. రేడియోకి చెప్తే అన్నం గంట కొట్టేలోపు గోడలకి కూడా తెలుస్తుంది.

జూలై 17

అందుకే రేడియోకి చెప్పాను.

ఫోర్‌మన్ గదికి వెళ్లే ధైర్యం లేదు. దాచుకోవడం ఇక నా చేతిలో ఉండకూడదు. రేడియోకి ఒక ముక్క చెప్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటాడు. టీ దగ్గర పక్కకి పిలిచి చెప్పేశాను, చెవి సంగతి, పగలగొట్టిన రాళ్లు, పచ్చ బటన్, అంతా. కప్పు పట్టుకుని విన్నాడు. ఒక్క మాట అడ్డం రాలేదు. సరేలే చెల్లెమ్మా అని వెళ్లిపోయాడు.

రేపటికి ఊరంతా తెలుస్తుంది. హమ్మయ్య.

జూలై 18

ఎవరికీ తెలియదు.

పొద్దున్నుంచీ చూశాను. వెల్డర్ మామూలుగా పలకరించాడు. స్టోర్స్ ఆయన మామూలుగా మొహం ముడుచుకున్నాడు. అన్నం గంట కొట్టారు, తిన్నాం, లేచాం. వీల్ ఇంకా వేయలేదేమని ఫోర్‌మన్ అడిగి వెళ్లాడు. రేడియో అన్నీ మాట్లాడుతున్నాడు, వాళ్ల బావమరిది కొత్త బండి గురించి కూడా. నా సంగతి తప్ప.

ఉండబట్టలేక లేత్ దగ్గరికి వెళ్లి, ఎవరికీ చెప్పలేదేంటి అన్నయ్యా అని నిలదీశాను. లోకంలో ఇలాంటి తగువు ఎవరూ పెట్టుకుని ఉండరు. ఆయన లేత్ ఆపాడు. మీ నాన్నకి వినపడదని కూడా నేను ఎవరికీ చెప్పలేదు కదా అన్నాడు. ఒకసారి ఆయన వెనక పెద్ద స్పానర్ జారి పడిందట, ఆయన తిరగలేదట. అప్పుడే తెలిసిందట. చెప్తే ఇంటికి పంపేస్తారు, పెద్దాయన, ఎక్కడికి పోతాడని ఊరుకున్నాడట. మరి కూతురివి కాబట్టి ఇచ్చాడని ఇన్నేళ్లు నా ప్రాణం తీశావేంటి అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా, అసలు సంగతి అనలేను కదా అన్నాడు.

లేత్ మీదున్న ఇనప రజను వేలితో పక్కకి తోస్తూ నిలబడ్డాను. లేత్‌తో పాటు ఆయన నోరు కూడా ఆగింది. చుట్టుపక్కల వాళ్లు కంగారుపడి చూశారు.

తర్వాత ఫోర్‌మన్ గదికి నేనే వెళ్లాను. నా కాళ్లతో నేనే. రేడియో ప్రసారం లేదు మరి. ఫోర్‌మన్ విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మెషీన్ ఎవరికివ్వాలో పైవాళ్లని అడిగి నెలాఖరుకి చెప్తానన్నాడు. అందాకా నన్నే నడపమన్నాడు. వీల్ మార్చేటప్పుడు మాత్రం ఇంకో చెవి పక్కన ఉండాలన్నాడు. ఎవరు కావాలని అడిగాడు. చెప్పాను. అతను నోరు మూసుకోగలడా అని అడిగాడు.

గలడండీ అన్నాను.

జూలై 19

కొత్త రాయి. వేలికి తగిలించుకుని నేనే తట్టాను, నాలుగు పక్కలా. రేడియో కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన మొహం చూశాను.

మోగిందట.