పెద్దావిడ నోరు తెరిచేదాకా

సియోల్, మాంగ్వొన్

పూజ్యురాలైన ఒక్బున్ పిన్నికి దారే నమస్కరించి రాస్తున్నది.

పోయిన వారం మన గాల్మే ఊరి హాల్లో మీ మహిళా సంఘం అవ్వలందరి చేత పాడించి రికార్డు చేసుకొచ్చాను కదా, ఇవాళ విని తల బాదుకున్నాను. మొదటి ఆల్బమ్‌లో నేనొక్కదాన్నే, గిటారొక్కటే. విన్న ప్రతివాడూ "బోసిగా ఉందమ్మా" అన్నాడు. అందుకే ఈసారి వయొలిన్లు పెట్టించాను, డోలు పెట్టించాను, నా గొంతు వెనక గుంపుగా మీ గొంతులు కావాలనుకున్నాను. "అందరూ ఒక్కసారే అందుకోండి" అని చెప్పానా, లేదా? జోమ్‌సూన్ అవ్వ నోరు తెరిచేదాకా ఒక్కరూ తెరవలేదు! ఆ గన్నాన్ అవ్వ మాత్రం అందరికంటే ముందే దూకేసింది. ఈ ఆల్బమ్ కూడా పోతే నేనిక పాట మానేసి కాఫీ కొట్లో కప్పులు కడుక్కోవాలి పిన్నీ.

కంప్యూటర్‌లో అందరినీ లాగి ఒక్క వరసలో పెట్టేశాను. పాట పంపుతున్నాను, వినండి.

మండిపడుతూ,
దారే

తా.క.: ఆ రోజు హాల్లో నా పాట విని చెవులకు చేతులు అడ్డం పెట్టుకున్నావిడ ఎవరో కనుక్కోండి.

గాల్మే

దారేకి నీ పిన్ని ఒక్బున్ రాసేది. దీవెనలు ఈసారికి లేవు.

నీ పాటని ఊరిపెద్ద మైకులో పెట్టాడు. పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా నిలబడి విన్నారు. కొంప ముంచావు గదే! జోమ్‌సూన్ అవ్వతో సరిసమానంగా, అదే ఊపిరిలో, అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. వయసులో అందరికన్నా పెద్దది, ఆవిడ చెంచా ఎత్తకుండా ఈ ఊళ్ళో ఎవరైనా చెంచా ఎత్తారా? ఆవిడ పాడకముందే మేమెలా పాడతామే? ఆవిడ అలిగి అన్నం మానేసింది. ఆవిడ తినట్లేదు గనక మేమెవ్వరమూ తినట్లేదు.

ఎవరి గొంతు ఎక్కడుండేదో అక్కడ పెట్టు. లేదా మా గొంతులు మాకు పంపించెయ్. ఫోన్ చేస్తే నువ్వు నా మాట మధ్యలో అందుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ఆకలితో,
ఒక్బున్

తా.క.: ఆ అవ్వే నా పక్కన కూర్చుని ఇదంతా రాయించింది. ఇప్పుడే లేచి వెళ్ళింది. పాట బాగుందే. నేనన్నానని ఎవరికీ చెప్పకు.

సియోల్

పిన్నికి,

గొంతులు తిరిగి పంపించడానికి అవేమన్నా కిమ్చీ పచ్చడి జాడీలా? ఏడాది కష్టం నాది, అలకలు మీవి! సరే, జోమ్‌సూన్ అవ్వని ముందుకు జరిపాను. మిగతావాళ్ళు ఆవిడ వెనక. గన్నాన్ అవ్వ ఎంత సర్దినా మాట వినలేదు, మొత్తానికే తీసేశాను. కొత్తగా సర్దిన పాట పంపుతున్నాను. శుక్రవారం ఆల్బమ్ అచ్చుకి పోతోంది. ఇక అన్నం తినండి.

విసిగిపోయిన
దారే

తా.క.: గన్నాన్ అవ్వని తీసేశాక పాటలో ఏదో తగ్గినట్టుంది. వయొలిన్ పెంచాను. అయినా తగ్గినట్టే ఉంది.

గాల్మే

దారే, ఆపు! అచ్చు ఆపు!

గన్నాన్ అవ్వ పాటంతా విని, తన గొంతు లేదని తెలిసి గరిటె విసిరికొట్టింది. జోమ్‌సూన్ అవ్వ ఊరుకుంటుందా? "నాకంటే ముందు నోరు తెరిస్తే అంతేనే! కోతి ఏట పుట్టినదాన్ని, నాతో పెట్టుకోకు!" అని అరిచింది. అరిచి, నాలిక కరుచుకుంది.

పన్నెండు జంతువుల ఏళ్ళలో ఆవిడది డ్రాగన్ ఏడని, మా అందరికన్నా పెద్దదని కదా ఇన్నాళ్ళూ అనుకున్నాం! అందరమూ వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. గన్నాన్ అవ్వది గుర్రం ఏడు. గుర్రం, గొర్రె, ఆ తర్వాత కోతి. రెండేళ్ళు పెద్ద గన్నాన్ అవ్వే! చిన్నప్పుడే పోయిన అక్క పేరూ, పుట్టిన ఏడూ ఇంట్లోవాళ్ళు జోమ్‌సూన్ అవ్వకే ఉంచేశారట, కాగితాల్లో మళ్ళీ రాయించడం ఎందుకులే అని.

గన్నాన్ అవ్వ అంది: "ఈ ఊరికి కోడలిగా వచ్చినకాడి నుంచీ నీ చెంచా లేచేదాకా కూచుని చల్లారిన పులుసు తాగానే! పాట దగ్గరొక్కటే ఆగలేకపోయా. అదీ పీకేశారు!"

పొగలు కక్కే పులుసు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. చెంచా నోటిదాకా తెచ్చి, జోమ్‌సూన్ అవ్వ వైపు చూసి ఆగిపోయింది. అలవాటు కదే, ఏం చేస్తుంది? నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు జోమ్‌సూన్ అవ్వ తల దించుకుని, "చల్లారిపోద్ది, తిను అక్కా" అంది.

సిగ్గుతో,
ఒక్బున్

తా.క.: ఆపకపోతే అందరం బస్సెక్కి సియోల్ వస్తాం. ఎవరు ముందు ఎక్కాలో తేలడమే ఆలస్యం.

సియోల్

పిన్నికీ, గన్నాన్ అవ్వకీ దారే దణ్ణాలు.

అచ్చు ఆపించాను. వాళ్ళు తిట్టారు, నేనూ తిట్టాను. కంప్యూటర్‌లో లాగినవన్నీ తీసేసి, మీరు పాడింది పాడినట్టే పెట్టాను. ఇప్పుడు పాట గన్నాన్ అవ్వతో మొదలవుతుంది. తోడు ఎవ్వరూ లేరు, వయొలిన్ కూడా లేదు. తర్వాత జోమ్‌సూన్ అవ్వ, ఆ తర్వాత మీరంతా. నేను మళ్ళీ పాడాల్సి వచ్చింది. అందరికన్నా చిన్నదాన్ని కదా, మీరంతా అందుకునేదాకా ఆగాను.

ఇంకా కోపంగానే ఉన్న
మీ దారే

తా.క.: "మరి ఇందులో గాయని ఎవరు?" అని కంపెనీవాడు అడిగాడు. "నోరు మూసుకుని విను, వస్తుంది" అన్నాను.