అలిగిన నెమలి

సూర్యాపేట.

స్వరూప వదినకు,

కోదాడలో మీరంతా మంచిగున్నారని తలుస్తాను. మీ సునీత పెళ్లికి మా శివాజీ బొమ్మలేసిన ఐరేని కుండలు యాదికున్నాయి కదా. పెళ్లికొడుకు మేనమామ చూసి, "ఏం తమ్మీ, కుండ మీద పిల్లినేసినవ్?" అన్నాడు. "పిల్లి గాదు మామా, నెమలి. అలిగి కూసున్నది" అన్నాడు మనోడు. పందిరంతా నవ్వింది.

కొడుకు పోయిన కాడి నుంచి పెళ్లికుండలకు రంగులు నేనే వేస్తున్నాను. చివ్వెంల నుంచి వచ్చినోళ్లు కూడా, "మాకు ఆ అలిగిన నెమలే కావాలె" అంటున్నారు. నాకు వస్తలేదు వదినా. కాళ్లు పొట్టిగా వేశాను, మూతి గుండ్రంగా వేశాను. నేనేస్తే నెమలి నెమలిలాగే వస్తుంది. మీసాలు కూడా పెట్టి చూశాను. మా ఆయన, "ఇది నెమలేనే, పోలీసుల్ల చేరింది" అన్నాడు. వాడు పోయినంక ఆయన నవ్వడం అదే మొదలు.

వాడు వేసిన కుండ మా ఇంట్లో ఒక్కటీ మిగలలేదు. మీ దగ్గరున్న దాంట్లో చింతపండు పెట్టుకున్నావట. చింతపండు తీసి ఉంచుకుని, కుండను అన్నతో పంపించు. కడగొద్దు, రంగు పోతుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెమ్మను.

చూసి నేర్చుకుని మళ్లీ పంపిస్తాను. పంపకపోతే మాత్రం నువ్వు అలగకు.

నీ ఆడబిడ్డ