తవిటమ్మ వదిన నంబరు

శ్రీకూర్మం
12 ఫిబ్రవరి 2018

బావా,

నమస్కారాలు. ఇక్కడ అత్త, మన పాప హేమ, నేను బాగానే ఉన్నాం. గుజరాత్ సముద్రం మీద నిన్ను కూర్మనాథుడు చల్లగా చూడాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. ఫోనులో చెప్పే ధైర్యం లేక, అటు వస్తున్న గణపతిరావు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అత్త మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. ఎండలో చేపలు తిరగెయ్యడం మానమంటే మాత్రం నా మీదికే లేస్తోంది. "ఆన్‌లైన్ బేరం సాగుతోంది కదా, వచ్చే సీజనుకి రానని బోటు యజమానికి చెప్పేయనా?" అనీ అడిగావు. చెప్పకు బావా. బేరం ఆగిపోయింది.

ఎండురొయ్యలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఫుడ్ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ నంబరు, ప్యాకు చేసిన తేదీ, తయారుచేసినవాళ్ల చిరునామా ప్యాకెట్టు మీద ఉండాలి. పక్కవీధి తవిటమ్మ వదిన అవన్నీ పద్ధతిగా చేసుకుంది. మొగుడు పోయాక ఆ బేరం మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. సిగ్గుమాలినదాన్ని, ఆమె నంబరే నా ప్యాకెట్ల మీద అచ్చు వేయించాను.

దసరా నుంచి బాగానే అమ్ముడయ్యాయి. పోయిన నెల మంచు రోజుల్లో సరిగ్గా ఎండని రొయ్యలు తొందరపడి ప్యాకు చేశాను. బూజు పట్టిందని విశాఖలో ఎవరో ఫిర్యాదు చేశారు. అధికారి ఆ నంబరు పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాడు, విచారణ అయ్యేదాకా అమ్మకాలు ఆపమన్నాడు.

వదిన ఆ ప్యాకెట్టు పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చింది. "ఏటే నీలవేణీ, ఇది నీ సరుకేనేటి?" అంది. నాదేనని ఒప్పుకున్నాను.

మర్నాడు నేనే ఆ అధికారి ఆఫీసుకి వెళ్లి తప్పు నాదని రాసిచ్చాను. ఎందుకు చేశావమ్మా అన్నాడాయన. "బోటుకి ఒకటే నంబరు బాబూ. దాని మీద పదిమంది ఏటకెల్తారు, పది ఇళ్లు తింతాయి. ఇదీ అలాగే అనుకున్నాను" అన్నాను. ఈ నంబరు ఆ మనిషికీ, సరుకు తయారయ్యే చోటుకీ మాత్రమే చెల్లుతుందని చెప్పి, నాకు నోటీసు ఇచ్చాడు. వదినకీ ఆ బోటు మాటే చెప్పాను. ఆమె అమ్మకాలు నిన్నటి నుంచి మళ్లీ మొదలయ్యాయి.

"తెలీక సేసినావు, పోన్లే. నీ పేరునే రాయించుకుందువు, నానొస్తాను" అంది వదిన. అన్నట్టే ఇవాళ వచ్చి, పక్కన కూర్చుని నా దరఖాస్తు నింపించింది.

బావా, ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. తెలియక చేయలేదు. అడుగుదామని మూడుసార్లు ఆమె గుమ్మం దాకా వెళ్లాను. కాదంటుందేమోనని భయం. నా పేరున రాయించుకునేలోగా దసరా బేరాలు పోతాయని, నువ్వు ఇంకో ఏడు ఆ బోటు మీదే ఉండాల్సి వస్తుందని ఏడుపు. అడగకుండా వెనక్కి వచ్చేశాను. బోటు నంబరు మాట తర్వాత పుట్టించినదే.

రేపు పొద్దున్నే ఈ నిజం వదినకి చెబుతాను. మళ్లీ మన గడప తొక్కకపోయినా సరే. నువ్వు ఫోన్ చేసినప్పుడు తిట్టు బావా, గట్టిగా తిట్టు. నువ్వు కూడా పోన్లే అనకు.

ఇట్లు,
నీ ఇల్లాలు
నీలవేణి