ఎవరూ ఆపలేని సర్వర్

చిరంజీవి వంశీకృష్ణకు,

ఏ కంపెనీ ఆపలేని సామాజిక మాధ్యమమంటూ బంధువులందరినీ వాట్సాప్ మాన్పించి, ఎల్బీనగర్‌లో నీ గదిలోని సర్వర్‌కు చేర్చావు. దాని నిర్మాణంలో దోషమేమీ లేదు, నేనే పరిశీలించాను. అయితే నువ్వు వీడియో గేమ్ ఆడేదీ ఆ కంప్యూటర్‌లోనే కనుక, ఆట నెమ్మదించినప్పుడల్లా సర్వర్‌ను నువ్వే ఆపుతున్నావు.

మొన్న మీ పిన్ని ఆపరేషన్‌కు రక్తం కావాలని నేను పెట్టిన సందేశం అందుకే ఎవరికీ చేరలేదు. నీకు చేసిన ఏడు ఫోన్లూ నీ హెడ్‌ఫోన్లను దాటలేదు. చివరికి ఆసుపత్రిలో పక్క మంచం అంజమ్మ, "గా కంప్యూటర్‌ను నమ్ముకుంటే ఎట్ల సారూ? మా బిడ్డ ఇస్తది," అని ఆదుకుంది.

నా పాత కంప్యూటర్ పంపుతున్నాను. సర్వర్ అందులో పెట్టు. దాని మీద ఆటలు నడవవు.

మెలకువ రాగానే ఇదంతా విన్న మీ పిన్ని, "పాపం, వాడు గెలిచాడాండీ?" అని అడిగింది. ఏమని చెప్పను?

ఆశీస్సులతో,
బాబాయి