నాలుగు పోత పిస్టన్ల సంగతి

ఇంజన్లు విప్పి కట్టే వృత్తిలో నలభై ఒక్క సంవత్సరాలు బతికిన నేను, అరవై మూడో ఏట, రెండు ఊపిరితిత్తులూ చెడి, బుద్ధి మాత్రం చెడకుండా, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినది ఒకటి ఉంది. అది ఇకపై చెల్లదు. నా మతి స్థిమితంగా ఉన్నదని నాకు వైద్యం చేస్తున్న డాక్టరు గారు విడిగా రాసిచ్చిన కాగితాన్ని దీనికి జతపరిచాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివర ఉండే ప్లీడరు గారికి అప్పగిస్తున్నాను. చిత్తుప్రతి చదివి ఆయన, "ఇది వీలునామానా, వాంగ్మూలమా?" అని అడిగారు. రెండూ అన్నాను. "అయితే నంబర్లన్నా వేయండి, చూడ్డానికైనా వీలునామాలా ఉంటుంది" అన్నారు. వేస్తున్నాను.

1. నేను ఉంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆమె ఇప్పుడు ఆ ఇంట్లో లేదు. పదకొండు రోజుల కిందట తన అన్న ఇంటికి వెళ్ళిపోయింది. కారణం ముందు ముందు వస్తుంది. తిరిగి వచ్చినా రాకపోయినా ఇల్లు ఆమెదే. వంటింటి కిటికీ రెక్క వానకు ఉబ్బి మూసుకోవడం లేదని ఆరేళ్ళుగా చెబుతోంది. ఊరి వాళ్ళ ఇంజన్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించినవాణ్ణి, ఆ రెక్క జోలికి పోలేదు. మొన్న చిత్రిక పట్టాను. ఇప్పుడు మూసుకుంటుంది.

2. పక్క షెడ్డులో రేడియేటర్లు అతికే ఆసామికి నా టార్క్ రెంచి తాలూకు ఖాళీ పెట్టె. రెంచి పన్నెండేళ్ళ కిందట తీసుకెళ్ళి, తిరిగి ఇచ్చేశానని ఇప్పటికీ ఒట్టు పెడుతున్నాడు. రెంచి ఒక చోట, పెట్టె ఒక చోట ఉండి ఎవరికి లాభం?

3. షెడ్డు, లేతు, మైక్రోమీటర్లు, ఇంజను స్టాండ్లు, గోడకు తగిలించిన పనిముట్లు సమస్తం నా తమ్ముడి కూతురికి చెందాలి. తండ్రి పోయేనాటికి దానికి ఆరేళ్ళు. ఇప్పుడు ఇరవై అయిదు. నా దగ్గర పని నేర్చుకుని నన్ను మించింది. ప్రస్తుతం స్టాండు మీద ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజనుకు టర్బో పెట్టే పనిలో ఉంది కనుక, ఏ పిస్టన్లు వేయాలో, ఏ క్యామ్‌షాఫ్ట్ ఎంచుకోవాలో ఇక్కడే రాస్తున్నాను. ప్లీడరు గారు ఇది కొట్టేయమన్నారు. కొట్టేయను.

టర్బో పెట్టడమంటే ఇంజను పీల్చుకోవాల్సిన గాలిని బలవంతంగా దాని గొంతులో కుక్కడం. అలా కుక్కే ఒత్తిడినే బూస్ట్ అంటాం. పోత పిస్టన్ కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసినది. వేడికి తక్కువ ఉబ్బుతుంది, చప్పుడు చేయదు, మామూలు కారుకు దానంత మంచిది లేదు. కాని పెళుసు. దెబ్బ గట్టిగా తగిలితే పగులుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ లోహపు దిమ్మను ప్రెస్సు కింద అణిచి చేసినది. దెబ్బ ఓర్చుకుంటుంది, కాకపోతే వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని సిలిండరులో దాని చుట్టూ చోటు ఎక్కువ వదలాలి. మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే పోతదానికి నాలుగు భాగాలు చాలిన చోట దీనికి తొమ్మిది కావాలి. రింగుల సందు కూడా పెంచాలి. డబ్బాలో వచ్చే కాగితం చదవకుండా బోరు, అంటే సిలిండరు లోపలి రంధ్రం, కోయించవద్దు.

ఇక క్యామ్‌షాఫ్ట్. వాల్వులు ఎప్పుడు తెరవాలో ఎంతసేపు తెరవాలో చెప్పే కడ్డీ అది. పందేల పిచ్చి ఉన్నవాళ్ళు పెద్ద క్యామ్ వేయమంటారు, నిలబడ్డ కారు గుర్రంలా సకిలిస్తుందని. టర్బోకు అది పనికిరాదు. గాలి వచ్చే వాల్వూ పొగ పోయే వాల్వూ ఒకేసారి తెరిచి ఉండే సమయం ఎక్కువైతే, కష్టపడి కుక్కిన గాలి పెరటి గుమ్మంలోంచి పోతుంది. ఆ సమయం తక్కువ ఉన్నదే ఎంచాలి. నా తమ్ముడి ఇంజనుకు క్యామ్ సరిగ్గానే ఎంచాను. పందొమ్మిదేళ్ళుగా ఆ ఒక్కటీ తలచుకుని ఊరట పడుతున్నాను.

4. నా మరదలికి, అంటే నా తమ్ముడి భార్యకు, బ్యాంకులో నా పేర ఉన్నదంతా. దానితో పాటు ఈ కింది నిజం. ఆమెకు చెందాల్సినవాటిలో ఇదే ముఖ్యం.

ఆమె భర్త దూకుడు వల్ల చావలేదు. శక్తికి మించి బూస్ట్ పెట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఊరంతా అన్నారు. ఆమె ఎదుటే అన్నారు. నేను పక్కన ఉండి కూడా కాదనలేదు.

జరిగింది ఇది. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తానని తమ్ముడికి మాటిచ్చాను. తెప్పించాలంటే ఏడు వారాలు పడుతుందన్నారు. కారు పందేనికి మూడు వారాలే ఉంది. ఈసారికి వద్దులేరా అనవలసింది. అనలేదు. ఆ కారు తలుపు మీద మా షెడ్డు పేరు పెద్ద అక్షరాలతో రాయించి ఉంది, నలుగురూ చూడాలని నాకే ఆత్రం. దొరికిన నాలుగు పోత పిస్టన్లు తెచ్చి, షెడ్డు తలుపు వేసుకుని బిగించాను. పందెం పొద్దున తమ్ముడు హెల్మెట్ పెట్టుకుంటూ, "అన్నా, ఫోర్జ్‌డే కదా వేసింది?" అని అడిగాడు. "అవే" అన్నాను.

పోతవని తెలిస్తే వాడు బూస్ట్ తగ్గించి నడిపేవాడు. ఫోర్జ్‌డ్ అనుకున్నాడు గనుక అవి మోయగలిగినంత పెట్టాడు. పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పన్నెండు చుట్లేగా, ఏం కాదులే అనుకున్నాను. ఏడో చుట్టులో మూడో పిస్టన్ పగిలింది. దాన్ని తోసే కడ్డీ ఇంజను బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. నూనె వెనక టైర్ల కిందికి చేరింది. మలుపులో కారు అడ్డం తిరిగి గోడను గుద్దుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వాడికి తెలివి ఉంది. "ఇంజనుకేమయిందన్నా?" అని అడిగాడు. "చూస్తాలేరా" అన్నాను. గుమ్మం దాటేసరికి పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు.

5. ఇంజన్ని నేనొక్కణ్ణే విప్పాను. పగిలిన పిస్టను ముక్కల్నీ మిగిలిన మూడింటినీ ఎవరి కంటా పడకుండా దాచాను. గీతలు పడ్డ సిలిండరును మాత్రం, కారణం అడిగిన తోటి మెకానిక్కులందరికీ చూపించి, "ఫోర్జ్‌డ్ పిస్టన్‌కి చోటు చాలలేదు, బోరు బిగువుగా కోశాడు, అందుకే పట్టేసింది" అన్నాను.

ఆ బోరు కోసింది నా భార్య అన్న. ఆయన చేతి బోరింగు కోసం పక్క ఊళ్ళ నుంచి బ్లాకులు వచ్చేవి. ఆ మాట తర్వాత రావడం మానేశాయి. రెండేళ్ళలో షాపు మూతపడింది. ఒక గోడౌను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పనిలో చేరాడు. నా భార్య నా వైపు నిలబడి, తోడబుట్టినవాడితో మాటలు మానేసింది.

6. డాక్టరు గారు నాకు మిగిలింది నెలల లెక్కేనని చెప్పాక, పోయిన నెల నా భార్య అన్న ఇంటికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని మనవరాలి సైకిలు బేరింగులు తుడుస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తల ఎత్తలేదు. చివరి గుండు తుడిచి, గ్రీజు పెట్టి, లోపలికి వెళ్ళి ఒక చీటీ తెచ్చాడు. నా చేతిరాత. నాలుగు భాగాల చోటు వదిలి కోయమని నేను రాసిచ్చిన కొలత.

"ఫోర్జ్‌డ్‌కి ఇదేం కొలత బావా అని ఆ రోజే అడిగా నిన్ను" అన్నాడు.

అడిగాడు. రాసిందే కొయ్యి అన్నాను.

"మరి ఎవరికీ చూపించలేదేం?" అన్నాను.

"చూపిస్తే? సొంత తమ్ముణ్ణి చంపినవాడితో నా చెల్లెలు కాపురం చెయ్యాలి. లేదంటే వదిలేసి రావాలి. పోయేది నా షాపేగా అనుకున్నా." చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "తప్పు చేశాననిపిస్తోంది ఇప్పుడు. దానికి తెలియాల్సింది నేనూ దాచా" అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ళలో నేను కొన్న బోరింగు మెషీను ఆయన పేర రాస్తానన్నాను. "చేతులు వణుకుతున్నాయి, నాకెందుకది" అన్నాడు. ఏమన్నా తీసుకోమన్నాను. "నీ దగ్గర్నుంచి నాకేమీ వద్దు బావా. ముందు దానికి చెప్పు. కాగితంలో కాదు, నోటితో చెప్పు."

ఇంటికి వచ్చాను గాని, చెప్పడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. నా భార్య బట్టలు మడత పెడుతుండగా చెప్పాను. చేతిలో ఉన్న నా చొక్కా మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. "మా అమ్మ పోయిన రోజు అన్నయ్య మంచినీళ్ళ గ్లాసు ఇస్తే తీసుకోలేదు నేను. మీ మాట నమ్మి" అంది. తన బట్టలు ఒక్కటీ తీసుకోలేదు. చెప్పులు వేసుకుని నడిచి వెళ్ళిపోయింది.

7. అన్న ఇంటి నుంచి నా భార్యే నా తమ్ముడి భార్యకూ కూతురికీ కబురు పెట్టింది. మరదలు నా మొహం చూడలేదు. కూతురు మర్నాడు షెడ్డుకు వచ్చింది. నిలబడే, "మా నాన్న అడిగాడా నిన్ను, ఏ పిస్టన్లని?" అంది.

"అడిగాడు."

"ఏం చెప్పావ్?"

చెప్పాను. స్టాండు మీది ఇంజనుకు గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాత పొద్దున తొమ్మిదింటికి వచ్చి పని మొదలుపెట్టింది. రోజూ వస్తోంది. పెదనాన్నా అని మాత్రం పిలవడం లేదు. ఏదైనా కావాలంటే తనే లేచి తీసుకుంటుంది. షెడ్డు వద్దంటే అమ్ముకునే హక్కు దానికి పూర్తిగా ఉంది. పేరు మార్చే హక్కు కూడా. మార్చడమే మంచిది.

8. నేను పోయిన పది రోజుల్లోపు ఈ వీలునామాను మెకానిక్కుల సంఘం హాలులో, అందరూ ఉండగా, నాలుగో అంశం నుంచి ఏడో అంశం దాకా ప్లీడరు గారు పైకి చదవాలి. షెడ్డు అటక మీద పాత గేరు నూనె డబ్బా వెనక గోనెగుడ్డలో చుట్టి ఆ పిస్టన్లు ఉన్నాయి. వాటిని బల్ల మీద పెట్టి, చేతిలోకి తీసుకుని చూడదలచిన ప్రతి ఒక్కరినీ చూడనివ్వాలి. పని తెలిసినవాడికి అవి పోతవని చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత వాటిని పాత ఇనుము కొట్టుకు వేసేయవచ్చు. నా ఫొటో అక్కడ పెట్టవద్దు.

9. సాక్షిగా సంతకం చేసేవాడికి వీలునామాలో వాటా ఉండకూడదని ప్లీడరు గారు చెప్పారు. ఈ సంగతులన్నిటికీ సాక్షి కాగలిగినవాడు ఒక్కడే. రమ్మని కబురు పెట్టాను, వస్తాడనుకోలేదు. ఈ రోజు వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. అయిదో అంశంలో షాపు రెండేళ్ళలో కాదు, పద్నాలుగు నెలల్లో మూతపడిందన్నాడు. ఆ తప్పును ఇక్కడ సవరిస్తున్నాను. "నా చెల్లెలు వస్తుందా అని అడగవేం?" అన్నాడు. అడిగాను. "రాదు" అని చెప్పి కలం తీసుకున్నాడు.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: మార్చి 12, 2021

(సంతకం)
ఇంజను మేస్త్రీ

సాక్షులు:

1. (సంతకం) బోరింగు పనివాడు. రాసిన వ్యక్తి భార్యకు అన్న. ఈ వీలునామా వల్ల ఇతనికి ఏమీ రాదు.

2. (సంతకం) వైద్యం చేస్తున్న డాక్టరు.